కొత్త ఆటోమేటిక్ కారులో గేర్ కుదుపు, చల్లటి ఇంజన్ వణుకు: నా అనుభవం

ఓడోమీటర్ మీద ఇంకా 600 కిలోమీటర్లే. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం స్టార్ట్ చేసి డీ (డ్రైవ్) వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. రోడ్డెక్కాక రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తోసినట్టు కుదుపు. ఇరవై నిమిషాలు నడిచేసరికి రెండూ మాయం. సర్వీస్ సెంటర్‌కు చేరేటప్పటికి బండి వేడెక్కిపోయి ఉంటుంది, టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ దొరకదు, జాబ్ కార్డ్ మీద ‘నార్మల్’ అని రాసి తాళం చేతిలో పెడతారు. నా బండికి మూడు విజిట్లు పట్టాయి. రెండోసారి చేసిన పని కూడా సరైనదే, కాకపోతే దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. అందుకే ఇక్కడ ఏం చేయించాలో చెప్పడంతో పాటు, ఏ వరుసలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర చేయించాలో కూడా రాస్తున్నాను. ఈ రకం ఫిర్యాదులో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు మీ గేర్ బాక్స్ ఏ రకమో తెలుసుకోండి. ఆటోమేటిక్ అన్న ఒకే పేరు కింద నాలుగు రకాల యంత్రాలు అమ్ముతారు. ఏఎంటీలో (మాన్యువల్ గేర్ బాక్స్‌కే క్లచ్, గేర్లను యంత్రం మార్చే రకం) క్లచ్ విడిపోయి మళ్లీ కలిసేదాకా చక్రాలకు టార్క్, అంటే తిప్పే బలం, అందదు, అందుకే తల ముందుకు ఊగుతుంది. అది దాని స్వభావం, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా తీయలేదు. సీవీటీలో మెట్ల గేర్లే ఉండవు. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్చుల గేర్ బాక్స్) అయితే నత్తనడక ట్రాఫిక్‌లో వచ్చే దడదడ చాలావరకు క్లచ్ ప్లేట్లది. నేను రాస్తున్నది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ గురించి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఆరు గేర్లు, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) లేని గేర్ బాక్స్.

చల్లటి బండిలో కొన్ని సంగతులు అలాగే ఉండాలి, వాటి మీద ఫిర్యాదు పెడితే అసలు ఫిర్యాదు కూడా పలచబడుతుంది. స్టార్ట్ అవగానే ఆర్‌పీఎం 1200 నుంచి 1500 దాకా ఎక్కడం లోపం కాదు. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ 250–300 డిగ్రీలకు చేరితే గానీ సరిగా పని మొదలుపెట్టదు. దాన్ని తొందరగా వేడెక్కించడానికి ఇంజన్ కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది. మంట ఆలస్యంగా అంటుకోవడంతో వేడిలో పెద్ద భాగం పిస్టన్‌ను తోయకుండా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఆ అర నిమిషం, నిమిషం ఇంజన్ గొంతు బొంగురుగా ఉంటుంది, కాస్త గరుకుగా తిరుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ అయితే ఇంజెక్టర్ల టకటక కూడా వినిపిస్తుంది. తర్వాత ఆర్‌పీఎం మెల్లగా దిగుతుంది. గేర్ బాక్స్ కూడా అంతే. దాని ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు పై గేరుకు కావాలనే ఆలస్యంగా వెళుతుంది, టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌నూ గేర్ బాక్స్‌నూ నేరుగా జోడించే లాకప్ క్లచ్‌ను కలపదు. మామూలుగా 2,000 ఆర్‌పీఎం దగ్గర మారే గేరు ఉదయం 2,500 దాకా సాగిందంటే కంగారు పడక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీటర్‌లో కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చిందంటే ఇంజన్ వేడెక్కినట్టు, అంతే. గేర్ బాక్స్ ఆయిల్, అంటే ఏటీఎఫ్, చాలా వెనకబడి వేడెక్కుతుంది. నేను చూసిన రీడింగుల్లో కూలెంట్ 80 డిగ్రీలు తాకేటప్పటికి ఏటీఎఫ్ ఇంకా 38 దగ్గరే ఉంది. ‘ఇంజన్ వేడెక్కాక కూడా ఐదు నిమిషాలు కుదుపుతోంది’ అంటే దాని అర్థం గేర్ బాక్స్ ఇంకా చల్లగానే ఉందని.

ఇదంతా చూడటానికి ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్ రీడింగులు ఇచ్చే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. కూలెంట్ ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, టైమింగ్, ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ మోతాదు సవరణ) వంటివి దాదాపు ఏ పెట్రోల్ కారులోనైనా దొరుకుతాయి. ఏటీఎఫ్ ఉష్ణోగ్రతకు మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో కోడ్, మీ మోడల్‌కు సరిపోయే ప్రొఫైల్ యాప్‌లో ఉంటేనే కనిపిస్తుంది. లేకపోతే స్టార్ట్ చేసి ఎన్ని నిమిషాలైంది, ఎన్ని కిలోమీటర్లు నడిచింది అని రాసుకున్నా పనికొస్తుంది. వారం రోజుల పాటు ఒకే పద్ధతిలో రాయాలి. నా పుస్తకంలో ఒక లైను ఇలా ఉంది: ‘ఉదయం 6:40, బయట 14 డిగ్రీలు, స్టార్ట్ తర్వాత 3 నిమిషాలు, కూలెంట్ 41, డీలో బ్రేక్ మీద, 720 ఆర్‌పీఎం, ఏసీ ఆఫ్. స్టీరింగ్‌లో, సీటు పట్టాల్లో వణుకు. ఎన్‌లో (న్యూట్రల్) దాదాపు లేదు.’ ఏసీ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా రాయడం మరిచిపోకండి. కంప్రెసర్ కలిసినప్పుడు ఇంజన్ మీద బరువు మారుతుంది, రెండు రోజుల రీడింగులను పోల్చడానికి లేకుండా పోతుంది. ఈ పరీక్షలు తలుపులు మూసిన గ్యారేజీలో చేయవద్దు.

వణుకు ఎక్కడి నుంచి వస్తోందో ఫోనే చెబుతుంది. యాక్సిలెరోమీటర్‌తో (ఫోన్‌లో కదలికను కొలిచే సెన్సర్) ఫ్రీక్వెన్సీ గ్రాఫ్, అంటే సెకనుకు ఎన్నిసార్లు వణుకుతోందో చూపే గ్రాఫ్, గీసే యాప్ వేసుకుని, ఫోన్‌ను సీటు పట్టా మీద గట్టిగా ఆనించి పది సెకన్లు రికార్డ్ చేయాలి. లెక్క సులువు. 720 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకు 12 సార్లు తిరుగుతోంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకు రెండు మంటలు, అంటే సెకనుకు 24. ఒక సిలిండర్ సరిగా కాలకపోతే ఆ లోటు రెండు చుట్లకొకసారి తగులుతుంది, అంటే సెకనుకు 6. చుట్టుకొకసారి వచ్చే 12 పెద్దదిగా కనిపిస్తే తిరిగే భాగాల బ్యాలెన్స్‌ను అనుమానించాలి, అంటే క్రాంక్ పుల్లీ, డ్రైవ్ ప్లేట్, టార్క్ కన్వర్టర్. మూడు సిలిండర్ల ఇంజన్‌లో అదే 720 దగ్గర మంటలు సెకనుకు 18 మాత్రమే. పైగా ఆ ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగే గుణం ఉన్నది, కాబట్టి నాలుగు సిలిండర్ల బండితో పోల్చి ఫిర్యాదు చేస్తే నిలబడదు. అదే మోడల్ ఇంకో బండితో, అదీ చల్లగా ఉన్నప్పుడు పోల్చాలి.

నా గ్రాఫ్‌లో 24 దగ్గర పొడవాటి ముల్లు, 6 దగ్గర ఏమీ లేదు. అంటే మిస్సింగ్ లేదు, నాలుగు సిలిండర్లూ సమంగా కాలుతున్నాయి. ఇంజన్‌లో సహజంగా ఉండే కదలికే ఎక్కడో దారి దొరికి బాడీలోకి దిగుతోంది. ఓబీడీలో మిస్‌ఫైర్ కౌంటు కూడా అన్ని సిలిండర్లకూ సున్నా చూపించింది. మీకు 6 దగ్గర ముల్లు ఉంటే, లేదా పీ0300 నుంచి పీ0304 వరకు ఏదైనా కోడ్ పడితే, మౌంటింగుల (ఇంజన్‌ను బాడీకి బిగించే రబ్బరు దిమ్మలు) జోలికి పోకుండా ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్లు చూడమనాలి. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉండటం ఒక సంగతి, మినుకుమినుకుమనడం ఇంకో సంగతి. మినుకుమంటే కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతోందని, అది పాడయ్యే ప్రమాదం ఉందని అర్థం. యాక్సిలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపేయాలి.

మరి ఈ వణుకు డీలోనే ఎందుకు, చల్లగా ఉన్నప్పుడే ఎందుకు? డీలో బ్రేక్ మీద నిలబడితే ఇంజన్ టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్‌ను చిలుకుతూ ఉంటుంది. ఆయిల్ చిక్కగా ఉంటే బరువు ఎక్కువ. ఆ బరువుకు ఇంజన్ ఒక పక్కకు ఒరిగి మౌంటింగ్ రబ్బరును నొక్కుతుంది. చల్లటి రబ్బరు గట్టిగా ఉంటుంది, వణుకును మింగలేదు. దీనికి తోడు ఇంజన్ బిగించేటప్పుడే మౌంటింగ్ మెలిక పడి ఉంటే, ఆ కాస్త ఒరుగుదలకే రబ్బరుకు కదిలే చోటు అయిపోతుంది. వేడెక్కాక ఆయిల్ పలచబడి, రబ్బరు మెత్తబడి, వణుకు సర్దుకుంటుంది. లోపం అక్కడే ఉంటుంది, కనపడదంతే.

కుదుపు సంగతి వేరు. ఆర్‌పీఎం ముల్లును పక్కసీటు మనిషి చేత వీడియో తీయించండి, డ్రైవింగ్ చేస్తూ మీరు తీయవద్దు. గేరు మారేటప్పుడు ముల్లు నేరుగా కిందికి దిగాలి. నా వీడియోలో రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ముల్లు దిగేముందు ఒక్క క్షణం 200–300 ఆర్‌పీఎం పైకి ఎగిరింది, ఆ తర్వాత దబ్బున పడింది, కుదుపు ఆ పడేటప్పుడే. దీన్ని ఫ్లేర్ అంటారు. విడిచే క్లచ్ విడిచేసింది, పట్టాల్సిన క్లచ్ ఇంకా పట్టలేదు, మధ్యలో ఇంజన్ ఒట్టిగా ఎగిరింది. దీనికి వ్యతిరేకమైనది టై-అప్. రెండు క్లచ్చులూ ఒకేసారి పట్టుకుంటే ముల్లు ఎగరదు, బండి బ్రేక్ వేసినట్టు ముక్కు దించుతుంది. ఈ తేడా వీడియోలో చూపిస్తే టెక్నీషియన్‌కు సగం పని తగ్గుతుంది.

గేర్ బాక్స్‌లో ప్రతి క్లచ్‌నూ ఒక పిస్టన్ నొక్కుతుంది. ప్లేట్లు కలిసేముందు ఆ పిస్టన్ వెనక ఖాళీని ఆయిల్‌తో నింపాలి. ఎంత సేపు, ఎంత ఒత్తిడితో నింపాలన్నది గేర్ బాక్స్ కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఒక్కో గేర్ బాక్స్‌లో ప్లేట్ల మందం, ఖాళీ కాస్త అటూ ఇటూ ఉంటాయి కాబట్టి ఫ్యాక్టరీ లెక్క అన్నిటికీ సరిపోదు. కొత్త బండి మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో గేర్లు కాస్త తడబడటానికి కారణం ఇదే, ఆ మేరకు ‘నడిపితే సర్దుకుంటుంది’ అన్న మాట నిజం. అయితే ఈ నేర్చుకోవడం ఆయిల్ వేడి ఒక హద్దులోకి వచ్చాకే జరుగుతుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపేసే బండిలో ఆయిల్ ఆ వేడికి చేరకపోవచ్చు, నెలలు గడిచినా నేర్చుకునే అవకాశమే రాదు.

నా లాగ్‌లో మూడో లక్షణం ఒకటి ఉంది, దాన్ని నేను కూడా మొదట్లో చిన్నదిగా తీసుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు పీ (పార్క్) నుంచి డీకి వేస్తే గేరు పట్టడానికి దాదాపు 2 సెకన్లు పడుతోంది. వేడి బండిలో ఇది డీకి 1.2 సెకన్లు, ఆర్‌కు (రివర్స్) 1.5 సెకన్ల లోపు ఉండాలని కొన్ని సర్వీస్ మాన్యువల్స్ చెబుతాయి. చల్లగా ఉంటే కొంచెం ఎక్కువ పట్టొచ్చు, కానీ ఇంత కాదు. అసలు గుట్టు ఇందులోనే ఉంది.

మొదటి విజిట్‌లో వేడి బండిని నడిపి నార్మల్ అన్నారు. రెండోసారి బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలాను. ఉదయం మొదటి స్టార్ట్ టెక్నీషియనే చేయాలని, పక్కన నేను కూర్చుంటానని జాబ్ కార్డ్ మీద రాయించాను. ఇది అడిగి తీరాలి. జాబ్ కార్డ్ మీద ‘గేర్ బాక్స్ పాడైంది’ లాంటి తీర్పు రాయించకండి, లక్షణం రాయించండి: ఎంత చల్లగా, ఏ గేరు నుంచి ఏ గేరుకు, ఎంత యాక్సిలరేటర్ మీద, ముల్లు ఎలా కదిలింది. ఉదయం లోపం వాళ్లకూ కనిపించింది. పాత అడాప్టేషన్, అంటే గేర్ బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న లెక్క, చెరిపేసి పంపారు. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు ఫ్లేర్ తిరిగొచ్చింది.

మూడోసారి ముందుగా ఆయిల్ లెవెల్ చూడమన్నాను. ‘సీల్డ్ గేర్ బాక్స్, అందులో చూసేదేమీ ఉండదు’ అన్న జవాబు వస్తే ఒప్పుకోకండి. డిప్‌స్టిక్ లేకపోయినా లెవెల్ చూసే ప్లగ్ ఉంటుంది. బండిని లిఫ్ట్ మీద అన్ని వైపులా సమంగా ఎత్తాలి. ఇంజన్ నడుస్తుండగా, బ్రేక్ తొక్కి, లీవర్‌ను ప్రతి స్థానంలో కొన్ని సెకన్లు ఉంచుతూ తిప్పి పీకి తేవాలి, క్లచ్ దారులన్నీ ఆయిల్‌తో నిండటానికి. స్కానర్‌లో ఏటీఎఫ్ కంపెనీ చెప్పిన హద్దులోకి, చాలావాటిలో 35 నుంచి 45 డిగ్రీల మధ్యకు, వచ్చినప్పుడే ప్లగ్ తీయాలి. ఆయిల్ సన్నటి దారంలా కారి చుక్కలుగా మారితే లెవెల్ సరి. ధారగా కారితే ఎక్కువుంది. చుక్క రాకపోతే తక్కువ. నా బండిలో ఒక్క చుక్క రాలేదు. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ దాదాపు 300 మిల్లీలీటర్లు పోశాక దారం మొదలైంది.

ఈ ఉష్ణోగ్రత పట్టింపు అనవసరమైన చాదస్తం కాదు. ఏటీఎఫ్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 80 డిగ్రీల దగ్గర ప్లగ్ తీస్తే ఉండాల్సిన ఆయిల్ కూడా కారిపోతుంది, ‘సరిపోయింది’ అనుకుని బిగిస్తారు, మర్నాడు చల్లబడ్డాక లెవెల్ కిందికి పోతుంది. లెవెల్ తగ్గితే చల్లటి ఉదయాన పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. గాలి నలుగుతుంది, ఆయిల్ నలగదు, కాబట్టి క్లచ్ నింపడానికి పట్టే సమయం రోజుకోలా ఉంటుంది. డీ ఆలస్యంగా పట్టడం, ఫ్లేర్ రెండూ అందుకే. ఆ స్థితిలో అడాప్టేషన్ చెరిపితే కంప్యూటర్ తక్కువ ఆయిల్ మీద తప్పు లెక్క మళ్లీ నేర్చుకుంటుంది. రెండో విజిట్ ఫలితం ఐదు రోజులు నిలవకపోవడానికి ఇదే కారణం. ఈ ప్లగ్ పని ఇంట్లో చేయవద్దు. వేడి ఆయిల్, నడుస్తున్న ఇంజన్, పైగా వారంటీ ఉన్న బండి.

లెవెల్ తర్వాత సాఫ్ట్‌వేర్. గేర్ బాక్స్ కంప్యూటర్‌కు కొత్త వెర్షన్ ఉంటే అప్పుడే వేయించాలి, పాత నంబరు, కొత్త నంబరు రెండూ బిల్లు మీద రాయించాలి. అప్‌డేట్ నడిచేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన సప్లై తగిలించి ఉండాలి, మధ్యలో వోల్టేజ్ పడితే కంప్యూటరే పోవచ్చు. ఆ తర్వాతే అడాప్టేషన్ చెరపడం, వెంటనే రీలెర్న్ డ్రైవ్, అంటే కంప్యూటర్ లెక్కను కొత్తగా నేర్చుకునేలా నడపడం. బ్యాటరీ తీగ పీకితే అడాప్టేషన్ చెరుగుతుందని అనుకుంటారు గానీ చాలా బండ్లలో చెరగదు, స్కానర్‌తోనే చేయాలి.

రీలెర్న్ పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. నా బండికి జరిగింది ఇది. ఏటీఎఫ్ 65 డిగ్రీలు దాటేదాకా మామూలుగా నడపడం. తర్వాత ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ ఐదో వంతు కంటే ఎక్కువ తొక్కకుండా, కదపకుండా పట్టుకుని ఒకటి నుంచి ఆరు దాకా గేర్లన్నీ మారనివ్వడం. ఆ తర్వాత కాలు పూర్తిగా తీసి బండిని దానంతటది నెమ్మదించనివ్వడం, చివర్లో మాత్రం తేలిగ్గా బ్రేక్. ఇలా పదిసార్లు. ఒక్కో ఆగుడు దగ్గర డీలోనే ఐదారు సెకన్లు నిలపడం. కాలు కదిలితే ఇంజన్ టార్క్ మారుతుంది, కంప్యూటర్ ఆ షిఫ్ట్‌ను లెక్కలోకి తీసుకోదు. హడావిడి డ్రైవింగ్‌లో గేర్ బాక్స్ ఏమీ నేర్చుకోకపోవడానికి కారణం ఇంతే.

వణుకు కోసం కొత్త మౌంటింగ్ ఏదీ వేయలేదు. ఇంజన్ కింద జాకీ పెట్టి, మౌంటింగ్ బోల్టులు వదులు చేసి, ఇంజన్‌ను తన బరువుకు సర్దుకోనిచ్చి, కంపెనీ చెప్పిన వరుసలో టార్క్ రెంచ్‌తో తిరిగి బిగించారు. అలా వదులు చేసినప్పుడు ఒక మౌంటింగ్ బ్రాకెట్ పక్కకు జరగడం కంటికే కనిపించింది. ఇంకోటి కూడా దొరికింది. ఎగ్జాస్ట్ ముందు పైపు మీది వేడి కవచం సబ్‌ఫ్రేమ్‌కు (ఇంజన్ కింది లోహపు చట్రం) తాకే చోట గోరంత మెరుపు మచ్చ, చుట్టూ దుమ్ము, మధ్యలో తళతళ. రెండిటి మధ్యా కాగితం ముక్క కూడా దూరలేదు. ఇలా లోహం లోహానికి తగిలితే మౌంటింగులు ఎంత మంచివైనా వణుకు వాటిని దాటుకుని బాడీలోకి వచ్చేస్తుంది. పైపును వేలాడదీసే హ్యాంగర్లు సర్ది వేలు దూరేంత సందు ఇచ్చారు.

ఒక హెచ్చరిక. ఉదయం పూట వణుకంతా ఇంజన్‌దే అనుకోకండి. కొత్త బండి యార్డులో వారాల తరబడి నిలబడితే టైర్లు కిందివైపు చదునుగా మారతాయి. రవాణా కోసం టైర్లలో ఎక్కువ గాలి కొట్టి ఉంచుతారు, డెలివరీకి ముందు తగ్గించడం మరిచిపోతే బండి గట్టిగా ఎగిరెగిరి పడుతుంది. టైరు వణుకు స్పీడుతో పాటు పెరుగుతుంది, నిలబడితే ఉండదు, పది పదిహేను కిలోమీటర్లు నడిచాక తగ్గుతుంది. ఇంజన్ వణుకు నిలబడి ఉన్నా ఉంటుంది. తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో ఉన్న ప్రెషర్‌తో ఒకసారి సరిచూసుకుంటే ఈ గందరగోళం తప్పుతుంది.

పీ నుంచి తీసేటప్పుడు వచ్చే ‘టంగ్’ శబ్దం కూడా ఫిర్యాదుల్లో కలిసిపోతుంటుంది. వాలు మీద ఆపినప్పుడు బండి బరువంతా గేర్ బాక్స్‌లోని చిన్న పళ్ల కొక్కెం మీద పడటం వల్ల అది వస్తుంది. ముందు బ్రేక్ తొక్కి ఎన్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలు తీసి బండి హ్యాండ్ బ్రేక్ మీద నిలబడిందో లేదో చూసి, మళ్లీ తొక్కి పీ వేస్తే ఆ శబ్దం రాదు. అలాగే ఉదయం స్టార్ట్ చేయగానే 1300 ఆర్‌పీఎం మీద డీ వేయకుండా ముల్లు 1000 దగ్గరకు దిగేదాకా ఆగితే గేరు పట్టేటప్పటి దెబ్బ సగం తగ్గుతుంది. ఆయిల్‌లో కలిపే సీసా మందులు, గట్టి పాలీయూరెథేన్ మౌంటింగులు మాత్రం వద్దు. మొదటివి వారంటీకి ఇబ్బంది, రెండోవి వణుకును ఇంకా పెంచుతాయి.

మూడో విజిట్ తర్వాత పదో రోజు నా పుస్తకంలో రాసిన లైను: ‘ఉదయం 6:35, బయట 13 డిగ్రీలు. మొదటి 40 సెకన్లు 1300 ఆర్‌పీఎం, బొంగురు శబ్దం, అది ఉండాల్సిందే. డీ ఒక సెకనులో పట్టింది. కూలెంట్ 42, డీలో బ్రేక్ మీద 720, స్టీరింగ్ నిలకడ, గ్రాఫ్‌లో 24 దగ్గర ముల్లు మునుపటి దాంట్లో నాలుగో వంతు. రెండు నుంచి మూడు, ఏటీఎఫ్ 22 దగ్గర, కాస్త ఆలస్యంగా మారింది. ముల్లు ఎగరలేదు.’